నలుగురి టేబుల్ మీద కాంబో-కంట్రోల్ డెక్: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మా బ్యాచ్ ప్రతి ఆదివారం సాయంత్రం కూర్చుని మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో కమాండర్ అనే రకం ఆడుతుంది. కావలి నుంచి ఒకరు, ఒంగోలు నుంచి ఇద్దరు రైల్లో వస్తారు. కొత్తగా చేరినవాళ్ళు నా నీలం డెక్ (ఆడే కార్డుల కట్ట) చూసి అడిగే సందేహాలు దాదాపు ఒకటే. వాట్సాప్‌లో అవే జవాబులు మళ్ళీ మళ్ళీ టైప్ చేసే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను. ఉదాహరణలన్నీ టాల్రాండ్ అనే కార్డు కమాండర్‌గా ఉన్న పూర్తి నీలం డెక్ నుంచే. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

కమాండర్ అంటే ఏంటి? మామూలు మ్యాజిక్‌కీ దీనికీ తేడా ఏముంది?

మ్యాజిక్ 1993లో వచ్చింది. మామూలుగా ఇద్దరి ఆట. కమాండర్ ఎక్కువగా నలుగురు ఆడేది, ఎవరికి వాళ్ళే. డెక్‌లో సరిగ్గా 100 కార్డులు ఉండాలి, బేసిక్ ల్యాండ్‌లు (మానా, అంటే కార్డులు వేయడానికి ఖర్చుపెట్టే శక్తి, ఇచ్చే మామూలు కార్డులు) తప్ప ఏ కార్డూ రెండోసారి ఉండకూడదు. ఆ వందలో ఒక లెజెండరీ క్రీచర్ (సొంత పేరున్న, పోరాడే జీవి కార్డు) మీ కమాండర్. అది పక్కన అందరికీ కనిపించేలా ఉంటుంది, మానా కట్టి మీ టర్న్‌లో దించొచ్చు. చనిపోతే మళ్ళీ పక్కకి తెచ్చుకోవచ్చు, కానీ తర్వాత దించిన ప్రతిసారీ 2 మానా అదనం. కమాండర్ మీద ఏ రంగులుంటే డెక్ కూడా ఆ రంగుల్లోనే ఉండాలి. ఒక్కొక్కరికి 40 లైఫ్. ఒకే కమాండర్ చేతిలో యుద్ధంలో 21 డ్యామేజ్ తింటే లైఫ్ ఎంత ఉన్నా అవుట్. అభిమానులు కల్పించుకున్న ఈ ఆటకి కంపెనీ సొంతంగా డెక్‌లు అమ్మడం 2011లో మొదలైంది.

కాంబో-కంట్రోల్ అంటే కాంబోనా, కంట్రోలా?

గెలిచేది కాంబోతో, అంటే కలిస్తే ఆట ముగించే కార్డులతో. అప్పటిదాకా బతికేది కంట్రోల్‌తో, అంటే ఎదుటివాళ్ళ పనులు ఆపుతూ. రమ్మీ ఆడినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. చేతిలో ముక్కలు కుదుర్చుకుంటూ, పక్కవాడు ఏది తీసుకుంటున్నాడో, ఏది పడేస్తున్నాడో గమనిస్తూ ఉండి ఒక్కసారిగా షో చెప్తారు కదా, అలాగే. తేడా ఏంటంటే ఇక్కడ మీరు షో చెప్పగానే ముగ్గురూ దాన్ని ఆపడానికి ప్రయత్నించొచ్చు. అందుకే కాంబో ముక్కలతో పాటు వాటిని కాపాడే కార్డులు కూడా చేతిలో ఉండాలి.

నాకు రూల్స్ ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. ఈ డెక్‌తో మొదలుపెట్టొచ్చా?

వద్దనే చెప్తాను. ముందు క్రీచర్లతో కొట్టే మామూలు డెక్ తీసుకుని ఒక పది ఆటలు ఆడండి. ఈ డెక్ మొత్తం స్టాక్ అనే రూల్ మీద నిలబడి ఉంది. గిన్నెలు ఒకదానిమీద ఒకటి బోర్లిస్తే చివర పెట్టినదే ముందు తీయాలి. మ్యాజిక్‌లో మంత్రాలు కూడా అంతే, చివర వేసినది ముందు జరుగుతుంది. ఇది ఆలోచించకుండానే బుర్రలోకి వచ్చే స్థితి వచ్చాక ఈ డెక్ పట్టుకుంటే ఆనందంగా ఉంటుంది. లేకపోతే ప్రతి టర్న్‌కీ టెన్షనే.

ఇంట్లో పేకాట అనుకుంటున్నారు. ఏం చెప్పాలి?

చెప్పడం కంటే చూపించడం మేలు. మా ఇంట్లో మొదటి ఆట హాల్లోనే పెట్టాం, తలుపులు తీసే ఉంచాం. డబ్బు లేదు, పందెం లేదు, కార్డుల మీద బొమ్మలు, చదవాల్సిన వాక్యాలు ఉన్నాయి. అరగంట చూశాక మా అమ్మ టీ తెచ్చిపెట్టింది. ఒక్కటి మాత్రం గట్టిగా పాటించండి: సరదాకి కూడా డబ్బు పెట్టి ఆడొద్దు. ఒక్కసారి పెడితే ఆ మాట నిజమైపోతుంది.

## డెక్ కట్టేటప్పుడు

కమాండర్‌గా ఎవర్ని పెట్టుకోవాలి?

నా సలహా టాల్రాండ్, స్కై సమనర్. నాలుగు మానా. మీరు ఇన్‌స్టంట్ (ఎవరి టర్న్‌లోనైనా వేయగల మంత్రం) గానీ సార్సరీ (మీ టర్న్‌లోనే వేసే మంత్రం) గానీ వేసిన ప్రతిసారీ ఎగిరే 2/2 (దెబ్బ 2, తట్టుకునేది 2) డ్రేక్ టోకెన్, అంటే డెక్‌లోంచి కాకుండా పుట్టే క్రీచర్, ఒకటి వస్తుంది. అంటే ఎదుటివాడి మంత్రాన్ని కౌంటర్ చేస్తే (జరగకుండా ఆపేస్తే) మీకు ఒక క్రీచర్ కూడా వచ్చినట్టే. కంట్రోల్ చేసే పనే మీ సైన్యాన్ని కూడా పెంచుతుంది. పైగా కాంబో తిరిగితే గెలిచే దారి కమాండర్ దగ్గరే ఉంటుంది, దానికోసం డెక్‌లో ఇంకో కార్డు వెతకక్కర్లేదు. బరాల్, చీఫ్ ఆఫ్ కంప్లయన్స్ కూడా మంచిదే. రెండు మానాకే దిగుతుంది, మీ ఇన్‌స్టంట్‌లూ సార్సరీలూ ఒక మానా తక్కువకి వస్తాయి. కానీ గెలవడానికి వేరే దారి మీరే పెట్టుకోవాలి.

ఒక్క రంగుతో సరిపోతుందా?

మొదటి డెక్‌కి సరిపోతుంది. రంగులు పెరిగేకొద్దీ వాటిని అందించే ల్యాండ్‌ల ఖర్చు మంత్రాల ఖర్చును మించిపోతుంది. పూర్తి నీలంలో ఐలాండ్‌లు (నీలం మానా ఇచ్చే బేసిక్ ల్యాండ్‌లు) చాలు.

99 కార్డుల్లో ఏవి ఎన్ని పెట్టాలి?

నా డెక్‌లో ల్యాండ్‌లు 36, మానా ఇచ్చే ఆర్టిఫాక్ట్‌లు (వస్తువుల కార్డులు) 9. కార్డులు తీసేవీ, పైవి చూసి ఎంచుకునేవీ కలిపి 15. కౌంటర్‌లు 14. టేబుల్ మీదున్నవాటిని చంపేవి, చేతికి తిప్పి పంపేవి 9. కాంబో ముక్కలు 7, వాటిని వెతికేవి 5, వాటికి బదులు పనిచేసేవి 4. కొత్తవాళ్ళు ఎప్పుడూ ల్యాండ్‌లు తగ్గించి కౌంటర్‌లు పెంచుతారు. అది చేయకండి. ఈ డెక్‌కి ప్రతి టర్న్‌లో ల్యాండ్ పడాలి, ఎందుకంటే ఎదుటివాళ్ళ టర్న్‌లో ఖర్చు పెట్టడానికి కూడా మీ దగ్గర మానా మిగలాలి.

తక్కువ ఖర్చులో అయ్యే కాంబో చెప్పండి.

పెరెగ్రిన్ డ్రేక్, ఆర్కియోమాన్సర్, ఘోస్ట్లీ ఫ్లికర్. మూడూ కామన్‌గా (తేలిగ్గా దొరికే రకంగా) అచ్చయిన కార్డులే. డ్రేక్ దిగగానే మీ ల్యాండ్‌లు ఐదు అన్‌ట్యాప్ అవుతాయి, అంటే ట్యాప్ చేసి (అడ్డంగా తిప్పి) వాడేసినవి మళ్ళీ వాడుకోవచ్చు. ఆర్కియోమాన్సర్ దిగగానే గ్రేవ్‌యార్డ్ (వాడేసిన కార్డుల కుప్ప) నుంచి ఒక ఇన్‌స్టంట్ గానీ సార్సరీ గానీ చేతికి వస్తుంది. ఫ్లికర్ మూడు మానా ఇన్‌స్టంట్. మీ వాటిలో రెండింటిని ఆటలోంచి తీసి వెంటనే మళ్ళీ దించుతుంది.

ఆ రెండు క్రీచర్ల మీదా ఫ్లికర్ వేయండి. ఐదు ల్యాండ్‌లు అన్‌ట్యాప్ అయ్యాయి, ఫ్లికర్ చేతికి తిరిగొచ్చింది. ఖర్చు 3, వచ్చింది 5. ప్రతి చుట్టుకీ 2 మానా మిగులు, ఎన్నిసార్లైనా తిప్పొచ్చు. టాల్రాండ్ ఉంటే ప్రతి ఫ్లికర్‌కీ ఒక డ్రేక్ టోకెన్.

మూడూ చేతిలో ఉంటే ఒక్క టర్న్‌లోనే మొదలుపెట్టడానికి ఏడు ల్యాండ్‌లు చాలు. ఐదు ట్యాప్ చేసి డ్రేక్ దించితే ఆ ఐదూ మళ్ళీ లేస్తాయి. ఇప్పుడున్న ఏడులో నాలుగుతో ఆర్కియోమాన్సర్, మూడుతో ఫ్లికర్. నేను ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్న రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. ఈ ఆట మీద నాకు ప్రేమ పుట్టింది అక్కడే.

ఐసోక్రాన్ సెప్టర్ కాంబో ఎలా పనిచేస్తుంది?

సెప్టర్ రెండు మానా ఆర్టిఫాక్ట్. దిగేటప్పుడు చేతిలోంచి రెండు మానా లేదా అంతకంటే తక్కువ ఖరీదున్న ఒక ఇన్‌స్టంట్‌ని దాని కింద పెట్టొచ్చు. తర్వాత రెండు మానా కట్టి ట్యాప్ చేస్తే ఆ ఇన్‌స్టంట్ కాపీని ఉచితంగా వేయొచ్చు. దాని కింద డ్రమాటిక్ రివర్సల్ పెట్టండి. అది ల్యాండ్‌లు కాని మీ అన్నిటినీ అన్‌ట్యాప్ చేస్తుంది, సెప్టర్‌తో సహా. మీ ఆర్టిఫాక్ట్‌లు కలిసి 3 మానా ఇస్తే, ఉదాహరణకి సోల్ రింగ్, ఆర్కేన్ సిగ్నెట్ ఉంటే, ప్రతి చుట్టుకీ ఒక మానా మిగులు. టాల్రాండ్ ఉన్నప్పుడు సోల్ రింగ్ ఒక్కటే చాలు. మానా మిగలదు, కానీ వేసిన ప్రతి కాపీకీ డ్రేక్ వస్తూనే ఉంటుంది. రివర్సల్ 2016లో కళదేశ్ అనే సెట్‌లో వచ్చింది. మన దేశం స్ఫూర్తితో గీసిన లోకం అది. ఆ లోకంలోని కార్డుతో గెలవడం నాకు ప్రత్యేకంగా నచ్చుతుంది.

ఒక్కో కార్డూ ఒక్కటే ఉంటే అది చేతికి వచ్చేదెప్పుడు?

ఎనిమిదో టర్న్ వచ్చేసరికి మామూలుగా 15 కార్డులు చూస్తారు. 99లో ఫలానా ఒక్క కార్డు వాటిలో ఉండే అవకాశం దాదాపు 15 శాతం. అదే పని చేసే కార్డులు మూడు ఉంటే దాదాపు 39 శాతం. కాబట్టి రెండు పనులు చేయాలి.

ఒకటి, బదులు కార్డులు పెట్టడం. ఆర్కియోమాన్సర్‌కి బదులు నెమోనిక్ వాల్, ఫ్లికర్‌కి బదులు డిస్ప్లేస్. రెండోది, వెతికే కార్డులు పెట్టడం. ఖరీదైన ట్యూటర్‌లు లేకపోయినా నీలంలో ట్రాన్స్‌మ్యూట్ అనే గొప్ప సౌకర్యం ఉంది. మడిల్ ద మిక్స్చర్‌ని పడేసి మూడు మానా కడితే రెండు మానా ఖరీదున్న ఏ కార్డైనా తెచ్చుకోవచ్చు: సెప్టర్ కూడా రెండే, రివర్సల్ కూడా రెండే. డ్రిఫ్ట్ ఆఫ్ ఫాంటజమ్స్ అలాగే మూడు మానా కార్డుని తెస్తుంది, అంటే ఫ్లికర్ లేదా డిస్ప్లేస్. ట్రాన్స్‌మ్యూట్ మంత్రం కాదు కాబట్టి మామూలు కౌంటర్‌లు దాన్ని ఆపలేవు. అవసరం మారితే మడిల్‌తో కౌంటర్ చేయొచ్చు, డ్రిఫ్ట్‌ని 0/5 గోడలా నిలబెట్టొచ్చు. నా డెక్‌లోంచి ఎప్పటికీ తీయని కార్డులు ఈ రెండూ.

ఏ కౌంటర్‌లు పెట్టాలి?

తక్కువ మానావి. మీ కాంబోని కాపాడుకునే టర్న్‌లో చేతిలో ఒకటి రెండు మానా మాత్రమే మిగులుతాయి. కౌంటర్‌స్పెల్, స్వాన్ సాంగ్, నెగేట్, డిస్పెల్, ఆర్కేన్ డినయల్, యాన్ ఆఫర్ యు కాంట్ రిఫ్యూజ్ తప్పకుండా ఉండాలి. స్వాన్ సాంగ్ ఎదుటివాడికి 2/2 పక్షిని, ఆఫర్ రెండు ట్రెజర్‌లనీ (ఒక్కసారి మానా ఇచ్చే టోకెన్‌లు) ఇస్తాయి. అదే టర్న్‌లో గెలిచేటట్టుంటే ఇచ్చేయండి, ఆట మూడో టర్న్‌లో అయితే ఆలోచించండి.

నా దగ్గర క్రీచర్లు తక్కువ. కొట్టి చంపేస్తారేమో?

ప్రొపగాండా ఒక్కటి టేబుల్ మీద ఉంటే మీ మీదకి వచ్చే ప్రతి క్రీచర్‌కీ 2 మానా కట్టాలి. చాలామంది కట్టరు, పక్కవాళ్ళ మీదకి వెళ్తారు. ఈథరైజ్ దాడి చేసే క్రీచర్లన్నిటినీ చేతికి పంపేస్తుంది. దీన్ని ఒక్కసారి చూపిస్తే చాలు, తర్వాతి వారాల్లో మీ దగ్గర నాలుగు మానా ఖాళీగా ఉన్నా భయపడతారు.

## కార్డులు సంపాదించేటప్పుడు

నెల్లూరు, ఒంగోలు వైపు ఉంటే కార్డులు ఎలా తెప్పించుకోవాలి?

మేము ఎక్కువగా ఆన్‌లైన్‌లో విడి కార్డులు కలిపి ఆర్డర్ పెడతాం, డెలివరీ ఖర్చు పంచుకుంటాం. చెన్నై, బెంగళూరు వెళ్ళే స్నేహితులకి జాబితా ఇస్తాం. ప్యాకెట్లు కొని చింపితే సరదాయే గానీ, మీకు కావాల్సిన ఆర్కియోమాన్సర్ అందులో వస్తుందన్న నమ్మకం లేదు. డెక్ కట్టాలంటే విడి కార్డులే కొనండి.

జిరాక్స్ తీసి ఆడొచ్చా?

ఇంటి ఆటలో టేబుల్ మీద అందరూ ఒప్పుకుంటే ఆడొచ్చు. కార్డు సైజు 63 × 88 మిల్లీమీటర్లు, ఒక ఏ4 కాగితం మీద 9 పడతాయి. కత్తిరించి, వెనక ఒక పాత కార్డు పెట్టి స్లీవ్‌లో దూర్చండి. నేను ఏ కార్డునైనా ముందు కాగితం మీద నెలరోజులు ఆడి, నచ్చితేనే కొంటాను. అధికారిక టోర్నమెంట్లలో ఇవి చెల్లవు. అసలు కార్డులని చెప్పి ఎవరికైనా అమ్మడం మోసం.

మన గాలికి కార్డులు వంగిపోతున్నాయి. ఏం చేయాలి?

సముద్రపు తేమ. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో మరీ ఎక్కువ, మెరిసే ఫాయిల్ కార్డులు ముందు వంగుతాయి. అందుకే ఈ డెక్‌లో ఫాయిల్ పెట్టను, వంగిన కార్డు వెనక నుంచి చూసినా తెలిసిపోతుంది. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు గాలి చొరబడని డబ్బాలో వేసి కార్డులు అందులో పెట్టండి.

## ఆట మధ్యలో

మొదటి ఏడు కార్డుల్లో ఏవి ఉంటే ఉంచుకోవాలి?

మూడు నాలుగు ల్యాండ్‌లు, కార్డులు తీసేది ఒకటి, మానా ఆర్టిఫాక్ట్ ఒకటి. కాంబో ముక్కలు లేకపోయినా ఫర్వాలేదు. మూడు ముక్కలూ ఉండి ల్యాండ్ ఒక్కటే ఉన్న చెయ్యి చూడ్డానికి ఎంత బాగున్నా మార్చేయండి. ఎక్కువమంది ఆడేటప్పుడు మొదటి మలిగన్ (చెయ్యి మార్చుకోవడం) ఉచితం, మళ్ళీ ఏడు కార్డులే ఉంటాయి.

ఏది కౌంటర్ చేయాలి, ఏది వదిలేయాలి?

ఈ డెక్ గెలుపోటములు ఇక్కడే తేలతాయి. ఇద్దరి ఆటలో వాళ్ళ కార్డుకి మీ కార్డు ఒకటి పోతే లెక్క సమానం. నలుగురి ఆటలో అలా కాదు. ముగ్గురు తలా ఒక కార్డు తీస్తుంటే మీరు ఒకటే తీస్తారు. వచ్చిన ప్రతిదాన్నీ ఆపాలని చూస్తే మీ చెయ్యి ఖాళీ అవుతుంది. పైగా మీరు ఒకరిని ఆపిన ప్రతిసారీ మిగతా ఇద్దరూ ఏ ఖర్చూ లేకుండా లాభపడతారు.

నేను మూడింటికే కౌంటర్ వాడతాను. ఆట అక్కడికక్కడే ముగించేవి. నా కాంబోకి శాశ్వతంగా అడ్డుపడేవి: గ్రేవ్‌యార్డ్‌ని మాయం చేసే రెస్ట్ ఇన్ పీస్, క్రీచర్ దిగినప్పుడు జరగాల్సినవి జరగనివ్వని టార్పర్ ఆర్బ్ లాంటివి. మూడోది, నేను కాంబో తిప్పుతున్న టర్న్‌లో దాని మీదకి వచ్చేవి. పెద్ద డ్రాగన్, మానా ఆర్టిఫాక్ట్, ఇంకొకరి క్రీచర్‌ని చంపే మంత్రం, ఇవన్నీ వదిలేస్తాను. ఆ డ్రాగన్ సంగతి మిగతా ఇద్దరూ కూడా చూసుకోవాల్సిందే కదా.

ఒకసారి ఆరో టర్న్‌లో పక్కవాళ్ళ మీదకి పోయే పెద్ద క్రీచర్‌ని కౌంటర్ చేశాను. చుట్టు తిరిగేలోపు ఆకుపచ్చ డెక్ నుంచి క్రేటర్‌హూఫ్ బిహిమత్ దిగింది. నా చేతిలో ఏమీ లేదు, ముగ్గురం ఒకేసారి పోయాం. ఆరోజు నుంచి చివరి కౌంటర్ తీసే ముందు 'ఇది ఆట ముగిస్తుందా?' అని నన్ను నేను అడుగుతాను.

కూర్చున్న చోటు కూడా ముఖ్యం. మంత్రం వేసినవాడి తర్వాత టర్న్ వరసలో ఒక్కొక్కరికీ స్పందించే అవకాశం వస్తుంది. మీరు వరసలో చివర ఉంటే ముందున్న ఇద్దరినీ ఆలోచించుకోనివ్వండి. వాళ్ళ దగ్గర జవాబు ఉంటే మీ కార్డు మిగులుతుంది. వేసినవాడి పక్కనే మీరుంటే ముందు తేల్చుకోవాల్సింది మీరే.

టాల్రాండ్‌ని నాలుగో టర్న్‌లోనే దించాలా?

తొందరపడొద్దు. ఆరు మానా వచ్చాక, పక్కన కౌంటర్‌కి రెండు మిగిలేలా దించండి. ముందే దించితే చంపేస్తారు, రెండోసారి ఆరు కట్టాలి, మూడోసారి ఎనిమిది.

అందరూ నా మీదకే వస్తున్నారు. ఎందుకు?

చేతిలో ఏడు కార్డులు, ఎదురుగా ట్యాప్ చేయని ఐలాండ్‌లు చూస్తే భయం సహజం. మీరు వాళ్ళకి కూడా ఉపయోగపడుతున్నారని చూపించండి. అందరినీ ముంచే మంత్రాన్ని మీరు ఆపినప్పుడు ఆ మాట నోరు తెరిచి చెప్పండి. అబద్ధం మాత్రం ఆడొద్దు. 'ఈ టర్న్ నిన్ను ఏమీ చేయను' అంటే చేయకూడదు. ప్రతి వారం కలిసి ఆడేవాళ్ళ మధ్య మాట పోతే ఏ కార్డూ దాన్ని తిరిగి తేలేదు.

## కాంబో తిప్పేటప్పుడు

డ్రేక్‌లు వెయ్యి వచ్చాయి, కానీ ఈ టర్న్‌లో కొట్టలేవు కదా. మరెలా?

కొత్తగా వచ్చిన క్రీచర్ మీ టర్న్ మొదలయ్యేటప్పటికి మీ దగ్గర ఉంటేనే ఆ టర్న్‌లో దాడి చేయగలదు. కాబట్టి మీ టర్న్‌లో కాదు, మీకు ముందున్నవాడి టర్న్ చివర్లో తిప్పండి. ఫ్లికర్ ఇన్‌స్టంట్, సెప్టర్ కూడా ఎప్పుడైనా వాడొచ్చు. అక్కడ డ్రేక్‌లు చేసుకుంటే వెంటనే వచ్చేది మీ టర్నే, అన్నీ ఎగిరి కొడతాయి.

మీ టర్న్‌లోనే తిప్పాల్సి వస్తే కేప్‌సైజ్ కావాలి. బైబ్యాక్‌తో ఆరు మానా, ఒక వస్తువుని చేతికి పంపి కార్డు మళ్ళీ మీ చేతికే వస్తుంది. అంతులేని మానా ఉంటే ముగ్గురి టేబుల్ ఖాళీ చేసి టర్న్ ఇచ్చేయొచ్చు. ఒక్క ల్యాండ్‌తో వాళ్ళు చేయగలిగేది చాలా తక్కువ. మానా ఒక దశ నుంచి ఇంకో దశకి నిలవదు, కాబట్టి పోగుచేసిన చోటే వాడేయాలి.

'ఇన్ఫినిట్' అంటే సరిపోతుందా?

సరిపోదు, అంకె చెప్పాలి. ఒక చుట్టు మొత్తం చేసి చూపించి 'ఇలా వెయ్యిసార్లు' అనండి. ఎదుటివాళ్ళు 'ఫలానా చోట ఆపుతాను' అనొచ్చు. అది వాళ్ళ హక్కు.

కాంబో ఎక్కడ తెగుతుంది?

ఆర్కియోమాన్సర్ దిగి, ఫ్లికర్‌ని చేతికి తెచ్చే ట్రిగర్ (దిగగానే దానంతటదే జరిగే పని) స్టాక్ మీద ఉన్నప్పుడు. అప్పుడు ఎవరైనా గ్రేవ్‌యార్డ్‌లోని ఫ్లికర్‌ని మాయం చేస్తే చుట్టు అక్కడితో అయిపోతుంది. ఫ్లికర్ వేశాక ఆర్కియోమాన్సర్‌ని చంపితే డ్రేక్ మాత్రం వెళ్ళి వస్తుంది, ల్యాండ్‌లు లేస్తాయి, ఫ్లికర్ తిరిగిరాదు. ఆ లేచిన ఐదు ల్యాండ్‌లతో కౌంటర్‌లు పట్టుకుని మళ్ళీ నిలబడొచ్చు, అంతా పోయినట్టు కాదు.

మల్‌డ్రిఫ్టర్‌తో డెక్ మొత్తం తీసేయొచ్చా?

మల్‌డ్రిఫ్టర్ దిగగానే రెండు కార్డులు తీసే క్రీచర్. అంతులేని మానా వచ్చాక ఫ్లికర్‌ని ఆర్కియోమాన్సర్, మల్‌డ్రిఫ్టర్ మీద వేస్తే చుట్టుకి రెండు కార్డులు వస్తాయి. కావాల్సింది దొరకగానే ఆపేయండి. ఖాళీ డెక్ నుంచి ఒక్క కార్డు తీయాల్సి వచ్చినా మీరే ఓడిపోతారు. చుట్టు చుట్టుకీ మిగిలినవి లెక్కపెట్టుకోండి.

## టేబుల్ దగ్గర

బ్రాకెట్ ఎంత అని అడిగారు. ఏం చెప్పాలి?

2025 ఫిబ్రవరిలో డెక్ బలాన్ని చెప్పుకోవడానికి ఐదు బ్రాకెట్‌లు ప్రవేశపెట్టారు. గేమ్ ఛేంజర్ల (ఆటని ఒక్కసారిగా మార్చేసే బలమైన కార్డుల) జాబితా కూడా ఇచ్చారు: రిస్టిక్ స్టడీ, సైక్లోనిక్ రిఫ్ట్, థాసాస్ ఒరాకిల్ లాంటివి. మూడో బ్రాకెట్‌లో అవి మూడు దాకా పెట్టొచ్చు, రెండు కార్డుల కాంబోలు ఆట తొలి భాగంలో తిప్పకూడదు. నా డెక్‌లో గేమ్ ఛేంజర్లు లేవు, అయినా మూడు అనే చెప్తాను. ఆట మొదలవక ముందే 'ఇందులో ఆగని కాంబోలు రెండున్నాయి' అని కూడా చెప్తాను. రెండో బ్రాకెట్ డెక్‌లు పట్టుకొచ్చినవాళ్ళ మధ్య దీన్ని తీయను.

కాంబోతో గెలిస్తే మొహాలు మాడిపోతున్నాయి.

ఎక్కువసార్లు బాధ ఓడినందుకు కాదు, ఏం జరిగిందో అర్థం కానందుకు. తీరిగ్గా ఒక చుట్టు వివరించండి, ఎక్కడ ఆపగలిగేవాళ్ళో కూడా చెప్పండి. వచ్చే వారం వాళ్ళు ఆపుతారు, అప్పుడు ఆట ఇంకా బాగుంటుంది. అదే డెక్‌తో వరసగా రెండు ఆటలు ఆడకండి.

నా టర్న్‌లకి చాలా టైమ్ పడుతోంది అంటున్నారు.

లూప్‌లని ఇంట్లో ఒంటరిగా, ఏడు ల్యాండ్‌లు పరిచి, గట్టిగా పైకి చెప్పుకుంటూ తిప్పండి. ఏ కార్డు వెతకాలో మీ టర్న్ రాకముందే నిర్ణయించుకోండి. మా టేబుల్ దగ్గర ఒంగోలు వాళ్ళకి రైలు టైమ్ ఉంటుంది, ఏడున్నర తర్వాత కొత్త ఆట మొదలుపెట్టం.